బొటనవేలు కదిలే వేళ

వెన్నుకు మత్తిచ్చి కాలికి ఆపరేషన్ చేస్తే ఆ తిమ్మిరి మూడు నాలుగు గంటల్లో వదలడం మొదలవుతుంది. బొటనవేలు కదలగానే ఇంటివాళ్లు సంబరపడతారు. మత్తు డాక్టరుగా నేను గడియారం చూసుకునేది అప్పుడే. ఆ వేళకి నొప్పి మందు ఒంట్లో పనిచేస్తూ ఉండాలి.

"ఇప్పుడు నొప్పేం లేదుగా, వచ్చాక వేసుకుంటాలెండి డాక్టరుగారూ" అంటారు పెద్దవాళ్లు. మందులు ఎంత తక్కువ మింగితే అంత మంచిదని వాళ్ల నమ్మకం. చాలాచోట్ల నిజమే, ఇక్కడ మాత్రం కాదు. చర్మం కోసిన చోట, ఎముకకు డ్రిల్లు పెట్టిన చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుట్టి నరాల కొసల్ని రెచ్చగొడతాయి. డైక్లోఫెనాక్, కెటొరొలాక్ లాంటి మందులు వాటి తయారీని ఆపుతాయి. అప్పటికే తయారైనవాటిని ఏమీ చెయ్యలేవు. ఆస్పిరిన్ చేసే పని కూడా ఇదేనని శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో తేల్చాడు, 1982లో నోబెల్ అందుకున్నాడు.

కేస్ షీటులో 'ఎస్ఓఎస్' అని, అంటే అవసరమైతేనే అని, రాసి వదిలేస్తే ఏమవుతుందో వార్డులో పడుకున్నవాళ్లకి తెలుసు. రాత్రి రెండింటికి మూలుగు, నర్సు కోసం కేకలు, ఇంజెక్షన్ పట్టేసరికి ఇంకో అరగంట. అందుకే నేను గంటలు వేసి రాస్తాను, పారాసిటమాల్ జోడించి.

నొప్పికి ముందే మందిచ్చే ఈ విద్యకో మచ్చ కూడా ఉంది. మసాచుసెట్స్‌లో స్కాట్ రూబెన్ అనే మత్తు డాక్టరు, ఎముకల ఆపరేషన్లకు ముందే సెలికాక్సిబ్ లాంటి నొప్పి మందులు ఇస్తే ఎంత మేలో చెబుతూ వరసగా పేపర్లు రాశాడు. వాటిలో కనీసం 21 కల్పితాలని 2009లో బయటపడింది. మరుసటేడు అతనికి ఆరు నెలల జైలుశిక్ష పడింది. మందు అబద్ధం కాదు, దానికి అతను అంటగట్టిన మహిమే అబద్ధం. కత్తి పెట్టకముందే ఇచ్చినా, కుట్లు పడ్డాక ఇచ్చినా పెద్ద తేడా లేదని వేరేవాళ్ల పరిశీలనలు చెప్పాయి. తిమ్మిరి వదిలేలోపు ఇవ్వాలి, తర్వాత వేళ తప్పకూడదు. నాకు ఆ మాత్రం చాలు.

కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా, గుండెకు స్టెంటు, రక్తం పలచబరిచే మాత్రలు, వీటిలో ఏదున్నా ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకి చెప్పండి. డిశ్చార్జి చీటీలో ఐదు రోజులని రాస్తే ఐదు రోజులే వాడండి. ఆరో రోజు ఖాళీ స్ట్రిప్పు పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్లొద్దు.