వేశాక తీయలేని బొగ్గు

పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలేది కట్టె. పశువులు ముట్టవు. గ్యాస్ పొయ్యి వచ్చాక వంటకూ ఎవరూ మోసుకుపోవడం లేదు. అలాగే నిలబెట్టి ఉంచితే ఎండుకాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే ఏటి పంటకోసం కాచుకుంటుంది. అందుకని పీకి కుప్ప వేసి అగ్గి పెడతారు. పొగ ఊరి మీదికి, బూడిద గాలిలోకి. ఆ కుప్పనే బొగ్గుగా మార్చి నేలకు తిరిగి ఇవ్వొచ్చన్న మాట ఇప్పుడు ఊళ్లలోనూ వినబడుతోంది. దానికి బయోచార్ అని పేరు.

నేను దీనికి అనుకూలమే. కానీ దీన్ని అమ్మేవాళ్ల తొందర నాకు నచ్చదు. యూరియా ఎక్కువైతే నష్టం ఒకటి రెండు పంటలతో పోతుంది. బొగ్గు అలా కాదు, నేలలో వందల ఏళ్లు కుళ్లకుండా ఉంటుంది. దాని గొప్పతనమూ అదే, భయపడాల్సిందీ అదే. ఒకసారి కలిపాక జల్లెడ పట్టి తీసేవాడు లేడు. అందువల్ల ఇందులో మెళకువంతా చేలో చల్లకముందే ఉంది.

ముందు కాల్చడం చూద్దాం. డ్రమ్ము లేకపోయినా గుంత చాలు. పైన నాలుగైదు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, అడుగుకు పోను సన్నబడాలి. ఎండు పుల్లలతో మంట రాజేసి కట్టెను కొద్దికొద్దిగా, పొరలు పొరలుగా వేయాలి. పై పొర మీద తెల్లని బూడిద పూత కనబడగానే తర్వాతి పొర. పైనున్న మంట గాలిని తానే తినేస్తుంది కాబట్టి కింది కట్టె బూడిద కాకుండా బొగ్గుగా ఆగుతుంది. కింది నుంచి లేచే వాయువులు ఆ మంటలోనే కాలిపోతాయి, పొగ పెద్దగా రాదు. 2014లో స్విట్జర్లాండ్‌లో కోన్-టికి అని పేరు పెట్టి తయారు చేసిన ఉక్కు కొలిమిదీ ఇదే సూత్రం. తెల్లటి పొగ దట్టంగా లేస్తోందంటే కట్టె పచ్చిగా ఉందనో, ఒక్కసారే ఎక్కువ వేశారనో అర్థం. ఆ పొగలో మీథేన్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు చేసే తారూ ఉంటుంది. అంత పొగ రేపి చేసిన బొగ్గుతో వాతావరణాన్ని కాపాడుతున్నామని చెప్పుకోవడం ఆత్మవంచనే. వేలి లావు పత్తి కట్టె ఈ పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. లావు తుమ్మ మొద్దులు లోపల పచ్చిగానే మిగిలిపోతాయి.

గుంత నిండాక ఆర్పడానికి నీళ్లు ఎక్కువే కావాలి. ఎండాకాలం చేలో దొరకనిది అదే. డ్రమ్ముల్లో నింపి పక్కన పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయాలి. పైపైన చల్లి వదిలేస్తే లోపలి నిప్పు మర్నాడు కూడా రాజుకుంటుంది. కాబట్టి ఆర్పిన కుప్పను గడ్డివాము దగ్గర పోయకూడదు. తడి ఆరకముందే దంచాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి, ఆ ధూళి పీల్చేది కాదు. వరి పొట్టును తెల్లబడేదాకా కాలిస్తే వచ్చే సన్నని సిలికా ఊపిరికి మరీ హాని, దాన్ని నల్లగా ఉన్నప్పుడే ఆపాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ సంచులు గుంత దరికి రానివ్వొద్దు. బొగ్గు బాగా కాలిందో లేదో చూడటానికి ఒక పాత చిట్కా ఉంది. తడి బొగ్గును వేళ్ల మధ్య నలిపి ఉత్త నీళ్లతో కడగండి. మసి పోతే సరే. జిడ్డుగా అంటుకుంటే తారు మిగిలింది, అది పంటకు వద్దు.

పచ్చి బొగ్గును నేరుగా చేలో వేస్తే అది ముందు తన ఆకలి తీర్చుకుంటుంది. దాని సన్నని రంధ్రాలు నత్రజనిని పట్టేసుకుని మొక్కకు అందనివ్వవు, ఆకులు పాలిపోతాయి. బయోచార్ గురించి ఎవరు మాట్లాడినా అమెజాన్ నల్లమట్టి పేరెత్తుతారు. వేల ఏళ్ల కిందట అక్కడి జనం చేసిన ఆ టెర్రా ప్రెటాలో బొగ్గొక్కటే లేదు. ఎముకలు, వంటింటి చెత్త, బూడిద, పెంట అన్నీ ఉన్నాయి. మన ఇళ్లల్లోనూ పొయ్యి బూడిద, ఆరిన బొగ్గులు పెంటకుప్ప మీదికే వెళ్లేవి కదా! పేడ, పశువుల మూత్రం, కంపోస్టుతో కలిపి రెండు మూడు వారాలు తడిగా మాగనిస్తే బొగ్గు కడుపు నిండుతుంది. ఈ పనికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో ఎవరూ దీన్ని ప్రచారం చేయరు.

ఇక లెక్క. ఎకరం పత్తి నుంచి వచ్చే ఎండుకట్టె సుమారు టన్ను. గుంతలో కాలిస్తే చేతికొచ్చే బొగ్గు రెండు క్వింటాళ్లు, కాస్త అటూ ఇటూ. పరిశోధనల్లో తరచుగా వేసే మోతాదు హెక్టారుకు 10 టన్నులు, అంటే ఎకరానికి నాలుగు టన్నులు. సొంత కట్టెతో చేరుకోవాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది. కాబట్టి ఎకరమంతా చల్లే ఆలోచన మానుకుని టమాట, మిరప సాళ్లలోనో, మామిడి, నిమ్మ పాదుల్లోనో ఎరువుతో కలిపి వేయడం మేలు. లోటు పూడ్చడానికి పశువుల మేతకు పనికొచ్చే చొప్పను, గడ్డిని కాల్చడం మాత్రం తెలివితక్కువ పని. గాలిలోకి పోకుండా నేలలో నిలిపిన కర్బనానికి డబ్బిచ్చే కర్బన క్రెడిట్ల వ్యాపారంలో నేలలోకి ఎంత బొగ్గు పోతే అంత రాబడి. రైతు లెక్క వేరు.

2017లో ప్రపంచవ్యాప్త ప్రయోగాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఉష్ణమండలంలో దిగుబడి సగటున 25 శాతం పెరిగిందని, సమశీతోష్ణ దేశాల్లో పెరగలేదని తేలింది. కరపత్రాల్లో ఆ 25 మాత్రమే కనిపిస్తుంది. ఆ లాభం ఎక్కువగా ఆమ్ల గుణం ఉన్న, సత్తువ లేని నేలల్లో వచ్చింది. బొగ్గుకు సున్నం గుణం ఉంది, ఆమ్లాన్ని విరుస్తుంది. మన ఎర్ర చెల్కలకు, దుబ్బ నేలలకు తేమ పట్టి ఉంచే పనిలో ఇది సాయపడుతుంది. నల్లరేగడికి ఆ కొరత లేదు, పైగా అది చాలాచోట్ల క్షార నేలే. చౌడు దిశగా పోతున్న నేలలో బొగ్గు వేయడం ఉప్పు ఎక్కువైన కూరలో మళ్లీ ఉప్పు వేయడమే.

ఈ ఏడు కట్టె పీకాక ఒక గుంత బొగ్గు చేసి చూడండి. ఎరువులో మాగబెట్టి రెండు సాళ్లలో వేయండి, పక్క రెండు సాళ్లలో ఉత్త ఎరువు వేసి పంట పూర్తయ్యేదాకా పోల్చండి. దానికి ముందు భూసార పరీక్ష చేయించండి. పీహెచ్ 8 దాటితే మీ బొగ్గును ఎర్ర చెల్క ఉన్న బంధువుకు ఇచ్చేయండి.