రోము రహస్యములు: ఒక నవల, కొంత లెక్క

అమెరికా రచయిత డాన్ బ్రౌన్ వ్రాసిన ‘ఏంజెల్స్ అండ్ డీమన్స్’ అను అపరాధ పరిశోధక నవల 2000 సంవత్సరమున వెలువడినది. 2009లో చలనచిత్రముగా కూడ వచ్చినది. ఇంగ్లీషు చదువనేర్చిన మన విద్యార్థులలో దీనిని చదివినవారు కొందరైనను ఉందురు. చదివినవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు: ప్రతిద్రవ్యముతో బాంబు చేయవచ్చునా? రోము నగరపు రాళ్లలో నిజముగా ఇన్ని రహస్యములున్నవా? ఈ రెండు ప్రశ్నల కొరకే ఈ పుస్తకమును ఇక్కడ పరిశీలించుచున్నాను.

కథ సంగ్రహముగా ఇది. జినీవా నగరము చెంత నున్న సెర్న్ పరిశోధనాలయములో లియొనార్డో వెట్రా అను భౌతిక శాస్త్రజ్ఞుడు హత్య చేయబడినాడు. అతని ఎదపై ‘ఇల్యూమినాటి’ అను ఒక రహస్య సంఘము పేరు కాల్చి ముద్ర వేయబడినది. అతడు, అతని పెంపుడు కుమార్తె విట్టోరియా కలిసి తయారుచేసిన పావు గ్రాము ప్రతిద్రవ్యము మాయమైనది. దానిని దేనికిని తగులకుండ తేల్చి ఉంచు పాత్రకు బ్యాటరీ ఇరువది నాలుగు గంటలు మాత్రమే పనిచేయును. ఆ పాత్ర రోములో, క్రొత్త పోపును ఎన్నుకొనుటకు మతాధిపతులు చేరియున్న వాటికను నగరములో, ఎక్కడనో దాచబడినది. నలుగురు కార్డినలులను గంటకొకరి చొప్పున చంపుదుమని హంతకుడు కబురు పంపినాడు. హార్వర్డు విశ్వవిద్యాలయములో ‘చిహ్నశాస్త్రము’ బోధించు రాబర్టు లాంగ్డన్ అను ఆచార్యుడు, విట్టోరియా తోడుగా, శిల్పములలోను కట్టడములలోను దాగిన ఆనవాళ్లను పట్టుకొని పరుగులు తీయును. (హార్వర్డులో అట్టి శాఖ ఏదియు లేదు, నవలలో ఉన్నందున నష్టము లేదు.) హత్యలు భూమి, వాయువు, అగ్ని, జలము అను నాలుగు భూతముల పేర జరుగును. మన పంచభూతములలో ఆకాశము ఒక్కటి తక్కువ. దోషి ఎవరో చెప్పి చదువరి వినోదమును చెడగొట్టను.

రచయితకు కథ నడుపు నేర్పు మెండు. ప్రకరణములు చాలవరకు చిన్నవి. ప్రతి ప్రకరణము చివరను ఒక ప్రశ్న వ్రేలాడుచుండును. పుస్తకము క్రింద పెట్టుట కష్టము. భౌతిక పరిశోధనాలయము పేరే వినని లక్షలాది పాఠకులకు సెర్న్ పేరు తెలియజేసిన ఘనత కూడ దీనిదే. ఆ సంస్థ వారు ఈ నవల పుట్టించిన సందేహములకు ప్రత్యేకముగా సమాధానములు ప్రకటింపవలసి వచ్చినదనిన దీని వ్యాప్తిని ఊహించుకొనవచ్చును.

చిక్కు ఎక్కడ వచ్చినదనగా, కథ ఆరంభమునకు ముందే రచయిత ఒక పుటలో ‘ఇది యథార్థము’ అని కొన్ని సంగతులు ప్రకటించినాడు. కథలో కల్పన ఉండుట సహజము. ఎవరును రచయితను నిలదీయరు. కాని యథార్థమని పేరు పెట్టిన పుటను ప్రయోగశాలలో విద్యార్థి వ్రాసిన పట్టికను చూచినట్లే చూడవలెను.

ఆ పుటలో ఒక గ్రాము ప్రతిద్రవ్యమునందు ఇరువది కిలోటన్నుల అణుబాంబు శక్తి ఉన్నదని కలదు. కథలోని పావు గ్రామునకు ఐదు కిలోటన్నులు అని వచ్చినది ఈ లెక్కనుండియే. కాని ప్రతిద్రవ్యము ఒంటరిగా పేలదు. పావు గ్రాము ప్రతిద్రవ్యము పావు గ్రాము మామూలు ద్రవ్యముతో కలిసి రెండును నశించును. కాబట్టి నశించు ద్రవ్యరాశి అర గ్రాము. ఐన్‌స్టీను సూత్రమున ప్రతిక్షేపించినచో 0.0005 కిలోగ్రామును కాంతివేగ వర్గముతో, అనగా 9 × 10¹⁶తో, గుణింపవలెను. వచ్చునది 4.5 × 10¹³ జౌలులు. ఒక కిలోటన్ను సుమారు 4.2 × 10¹² జౌలులు గనుక ఇది పది కిలోటన్నులకు పైబడినది. రచయిత సగము మరచినాడు! పుట్టిన శక్తిలో కొంత న్యూట్రినోలతో పట్టుబడకుండ పోవును, నిజమే. కాని ఆయన లెక్క తగ్గినది అందువలన కాదు. పదునొకండవ తరగతి విద్యార్థికి ఇంతకంటె మంచి అభ్యాసము దొరకదు.

ఇక పావు గ్రామును సంపాదించుట ఎట్లు? ప్రతికణముల చరిత్ర పొడవైనది కాదు. డిరాక్ సమీకరణము 1928లో వచ్చినది. పాజిట్రానును ఆండర్సన్ 1932లో విశ్వకిరణములలో కనుగొన్నాడు. ప్రతిప్రోటానును సెగ్రే, చేంబర్లేన్ మున్నగువారు బర్క్‌లీలో 1955లో చూపినారు. సెర్న్‌లో ప్రతిఉదజని, అనగా ప్రతిహైడ్రోజన్, పరమాణువులు మొదటిసారి 1995లో పుట్టినవి. అవి తొమ్మిది. అయస్కాంతపు బోనులో పట్టి నిలిపినది 2010లో. ఆనాటి లెక్క ముప్పది ఎనిమిది పరమాణువులు. మరుసటి సంవత్సరము వాటిని వేయి సెకనులు నిలుపగలిగినారు. 2023లో ప్రతిఉదజని కూడ భూమివైపే పడునని తేల్చినారు. పావు గ్రాములో ఉండవలసినవి 1.5 × 10²³ కణములు. సెకనుకు కోటి చొప్పున, ఒక్కటియు పోకుండ, రేయింబవళ్లు కూడబెట్టినను సుమారు నలుబది ఎనిమిది కోట్ల సంవత్సరములు పట్టును. వెట్రా ఆచార్యుడు, ఆయన కుమార్తె గుట్టుగా చేసిన పని ఇది.

దాచుట మరియు కష్టము. విద్యుదావేశము గల ప్రతిప్రోటానులనే ఒక పాత్రలో ఉంచితిమనుకొందము. అన్నింటి ఆవేశము కలిపి ఇరువది నాలుగు వేల కూలుంబులు. దానిని రెండు సమభాగములు చేసి పది సెంటీమీటర్ల దూరములో ఉంచినట్లు భావించి కూలుంబు సూత్రము వేయుడు. అవి ఒకదానినొకటి నెట్టు బలము 1.3 × 10²⁰ న్యూటనులు. భూమి చంద్రుని లాగి పట్టుకొన్న బలము 2 × 10²⁰ న్యూటనులు. చంద్రుని కట్టివేయు త్రాటిలో సగమునకు మించిన బలమును అరచేతిలో పట్టు పాత్ర, బ్యాటరీతో, ఆపవలెనన్న మాట. ఆవేశము లేని ప్రతిఉదజనిగా మార్చినచో ఈ బాధ లేదు. కాని అప్పుడు పట్టి ఉంచు అయస్కాంత శక్తి అతి స్వల్పము, పరమశూన్యమునకు దగ్గరి చల్లదనము కావలెను. నవలలో పాత్రను జినీవా నుండి రోమునకు చేర్చినారు. సెర్న్ వారు 2024లో ఇట్టి బోనును లారీపై ఎక్కించి తమ ఆవరణలో త్రిప్పి చూచినారు. లోపల ఉన్నవి డెబ్బది మామూలు ప్రోటానులు. ప్రతిప్రోటానులను తరలించుటకు అది సన్నాహము.

ఇంతవరకు భౌతికము. నా వృత్తి అదే గనుక లెక్క కొంత పొడిగించితిని. అయితే నవలకు ప్రాణము ప్రతిద్రవ్యము కాదు, రోము నగరము. అక్కడ జరిగిన పొరపాట్లు నాకు మరింత ఆశ్చర్యము కలిగించినవి. ఎందుకనగా అక్కడ నిజము కల్పనకంటె రుచిగా ఉన్నది.

లాంగ్డన్ మొదట పాంథియను ఆలయమునకు పరుగెత్తును. రాఫేలు సమాధి అక్కడ ఉన్నది గదా అని ఆయన ఊహ. అక్కడికి పోయిన తరువాత, చిత్రకారుని దేహమును పాంథియనుకు మార్చినది 1759లోనని తెలిసి, తాము తప్పు చోటికి వచ్చితిమని నాలుక కరచుకొనును. కథ మలుపు తిరిగినది ఈ తేదీ మీదనే. కాని రాఫేలు 1520లో మరణించినప్పుడే, తన కోరిక ప్రకారము, పాంథియనులో పూడ్చబడినాడు. 1833లో సమాధిని త్రవ్వి చూడగా ఎముకలు అక్కడనే కనబడినవి. కళాచరిత్రలో ఆరితేరిన ఆచార్యుడు ఈ తేదీని ప్రశ్నింపకుండుట చిత్రము.

అదే పాంథియను నిజమైన ఒక చిక్కుప్రశ్నకు నిలయము. ముఖద్వారముపై ‘దీనిని అగ్రిప్పా కట్టించెను’ అను అర్థము వచ్చు పెద్ద అక్షరముల శాసనమున్నది. అగ్రిప్పా అగస్టసు చక్రవర్తికి కుడిభుజము, క్రీస్తు పూర్వపువాడు. శాసనమే చెప్పుచుండగా సందేహమేల? శతాబ్దములపాటు పండితులు అట్లే నమ్మినారు. 1892లో జార్జ్ షెదాన్ అను ఫ్రెంచి వాస్తుశిల్పి గోడలలోని ఇటుకలను పరీక్షించినాడు. రోమను బట్టీలవారు ఇటుకలపై ముద్రలు వేయుట వాడుక. కొన్నింటిలో ఆ ఏటి కాన్సలుల పేర్లుండును. ఆ ముద్రలనుబట్టి ఇప్పుడు మనము చూచు కట్టడము అగ్రిప్పా తరువాత నూరేండ్లు దాటి, 117 నుండి 138 వరకు పాలించిన హేడ్రియను కాలమునకు చెందినదని తేలినది. పని ఆయనకు ముందటి ట్రేజను చివరి ఏండ్లలోనే మొదలై ఉండునని ఇటీవలి పరిశీలకులు కొందరు చెప్పుచున్నారు. హేడ్రియను తన పేరు వ్రాయించుకొనక పాత దాత పేరునే నిలిపినాడు. దాని గుమ్మటము వ్యాసము 43.3 మీటర్లు, ఇనుము చేర్చని కాంక్రీటు గుమ్మటములలో నేటికిని అదే అన్నింటికంటె పెద్దది. పైకి పోయినకొలది కాంక్రీటులో తేలిక రాళ్లు వాడి, మందమును తగ్గించినారు. నడినెత్తిన విడిచిన రంధ్రమును నవల భయపెట్టు వస్తువుగా చూపినది. బరువెట్లు తగ్గినదో చెప్పుటకు రెండు వాక్యములు చాలును. రచయితకు తీరిక లేకపోయినది.

పియాజ్జా నవోనాలోని నాలుగు నదుల ఫౌంటెను దగ్గర ఇంతకంటె పెద్ద అవకాశము చేజారినది. బెర్నీని 1651లో ముగించిన ఈ శిల్పములో నైలు, డాన్యూబు, లాప్లాటాలతోపాటు మన గంగానది కూడ మానవరూపమున, చేత తెడ్డు పట్టుకొని కూర్చున్నది. నడుమ ఒక ఏకశిలాస్తంభము, దాని కొనపై ఒక పావురము. లాంగ్డన్ ఆ పావురమును రహస్య సంఘపు సంకేతముగా చదివి, అది చూచుచున్న దిక్కును పట్టుకొని హేడ్రియను సమాధియైన సాంట్ ఏంజెలో కోటకు పోవును. ఆ ఫౌంటెను కట్టించినది పోపు పదవ ఇన్నోసెంటు. ఆయనది పాంఫీలీ వంశము. ఆలివు రెమ్మ పట్టిన పావురము ఆ వంశపు చిహ్నము. కట్టించినవాని ఇంటి ముద్ర అది!

ఆ స్తంభముపై ఈజిప్టు చిత్రలిపి ఉన్నది. ఫౌంటెను కట్టుచున్న రోజులలోనే అథనేసియస్ కిర్షర్ అను జెసూట్ పండితుడు రోములో ఉండి, ఆ లిపిని ‘చదివి’ 1650లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించినాడు. ప్రతి బొమ్మయు ఒక గూఢార్థమని, ప్రాచీన ఈజిప్టు విశ్వజ్ఞానము అందున్నదని ఆయన నమ్మకము. మహా విద్వాంసుడు, గొప్ప ఊహాశాలి. లాంగ్డనుకు తాతముత్తాత అనవచ్చును. చదివినదంతయు తప్పు. 1799లో దొరికిన రొసెట్టా శిలను ఆధారము చేసికొని షాంపోలియన్ 1822లో చిత్రలిపికి ధ్వనులున్నవని నిరూపించిన తరువాత అసలు సంగతి బయటపడినది: అది 81 నుండి 96 వరకు రోమును పాలించిన డొమిషియను చక్రవర్తి పేరు, బిరుదులు. లిపి ఈజిప్టుదే గాని స్తోత్రము రోమను ప్రభువుది. కిర్షరును ఎగతాళి చేయుట న్యాయము కాదు. కోప్టిక్ భాషాధ్యయనమునకు యూరపులో పునాది వేసినవాడు ఆయనే. ఆ భాషాజ్ఞానము షాంపోలియనుకు తాళపుచెవి అయినది. ఆయన లోపమంతయు ఒక్కటే. తన అర్థము తప్పని చూపగల పరీక్ష ఏదియు ఆయన పద్ధతిలో లేదు. లాంగ్డను పద్ధతిలోను లేదు. హంతకుడు అక్కడ కనబడుటే ఆయనకు నిరూపణము. కనబడునట్లు ఏర్పాటు చేసినది రచయిత.

పుస్తకము చివర బాంబు దొరకునది సెయింట్ పీటరు సమాధి దగ్గర. ఈ భాగము నాకు నచ్చినది. నాలుగవ శతాబ్దిలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఒక శ్మశానమును మట్టితో కప్పించి దానిపై దేవాలయము కట్టించినాడు. 1939 తరువాత జరిగిన త్రవ్వకములలో ఆ సమాధుల వీథి వెలువడినది. రెండవ శతాబ్దిలోనే అక్కడ పీటరు స్మారకమొకటి నిర్మించినట్లు ఆధారములు దొరికినవి. అక్కడ లభించిన ఎముకలు ఆయనవేయని పోపు ఆరవ పాలు 1968లో ప్రకటించినాడు. పురావస్తు శాస్త్రజ్ఞులు చాలమంది అంతవరకు పోలేదు. స్మారకపు కాలము వేరు, ఎముకల యజమాని పేరు వేరు. ఒకటి రుజువైనందున రెండవది రుజువు కాదు. చీకటి సొరంగములో పరుగెత్తు పాత్రలకు ఈ భేదము తెలియజేయ నక్కర లేదు గాని, తెలిసిన పాఠకునికి ఆ చీకటి మరింత గంభీరముగా తోచును.

శాస్త్రమునకు చర్చికి నడుమ వైరమును గురించి రెండు మాటలు. కొపెర్నికసును చర్చి చంపించినట్లు ఇందు సంభాషణ వచ్చును. ఆయన 1543లో జబ్బుపడి మరణించినాడు. తన గ్రంథమును పోపునకే అంకితమిచ్చినాడు. గెలీలియో 1642లోను, బెర్నీని 1680లోను గతించినారు. ఇల్యూమినాటి సంఘమును ఆడం వైస్‌హౌప్ట్ బవేరియాలో స్థాపించినది 1776లో. బ్రూనోను 1600లో రోములో సజీవముగా కాల్చినది నిజము. గెలీలియో చేత 1633లో బలవంతముగా తన మాట వెనుకకు తీయించినది నిజము. ఇంత నిజముండగా కొపెర్నికసు హత్య కల్పింపనేల? దొంగ సాక్ష్యము బయటపడిన రోజున నిజమైన సాక్ష్యమును కూడ వినువారుండరు. మహావిస్ఫోట సిద్ధాంతమునకు మూలపురుషుడైన లెమైత్రు ఒక ఫాదరీయే.

తొమ్మిది, పది తరగతుల వారికి దీనిని నేను ఇయ్యను. హత్యావర్ణనలు క్రూరముగా ఉన్నవి. మనుష్యుని ఒంటిపై వాతలు పెట్టు దృశ్యము పదే పదే వచ్చును. కళాశాల విద్యార్థులు చదువవచ్చును, రెండు రాత్రులలో అయిపోవును. ఉపాధ్యాయులు ముందు మాట పుటను నల్లబల్లపై వ్రాసి, ఏది ఎట్లు పరీక్షింపవచ్చునో తరగతినే అడిగి చూడవచ్చును. కూలుంబు లెక్కకు అర గంట చాలును. ఇటుకల లెక్కకు మాత్రము ఒక పూట కావలెను.