‘అయినా’ అనే మాట

నాదస్వర విద్వాంసుల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ‘ముస్లిం అయినా గుళ్లో నాదస్వరం వాయిస్తున్నారు.’ శీర్షికలు మారతాయి, ఫొటోలు మారతాయి, ‘అయినా’ మారదు. రాసినవాళ్లకు చెడ్డ ఉద్దేశం లేదు, మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. నా పేచీ ఆ మెప్పుతోనే.

షేక్ చినమౌలానా సంగతే చూడండి. 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. తండ్రి కాసిం సాహెబ్ దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. ఆ చిలకలూరిపేట ఇవాళ మా పల్నాడు జిల్లాలో ఉంది. అక్కడితో ఆగలేదు. తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్లి నాచియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు పిళ్లై సోదరుల ముందు మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1999లో కన్నుమూశారు.

సంగీత కళానిధి మతసామరస్యానికిచ్చే బహుమతి కాదు. రాగం తెలిసినవాళ్లు రాగం తెలిసినవాడికిచ్చిన గౌరవం. మన వ్యాసాల్లో ఆ రాగం ఏది? ఆలాపన ఎలా సాగింది, పక్కనున్న డోలు ఎలా తోడైంది, ఆంధ్రలో నేర్చినదాన్ని తంజావూరు బాణీ ఎలా మార్చింది? ఇవేవీ అడగరు. పనిని పక్కనపెట్టి పుట్టుకను పొగుడుతారు. పొగడ్త పూర్తయ్యేసరికి విద్వాంసుడు పోయి సాయిబు మిగులుతాడు.

ఈ బాధ నాకు పరాయిది కాదు. ఉర్దూ మా ఇంటి మాట, తెలుగు నరసరావుపేట బడి ఇచ్చిన మాట. డెస్కులో చేరిన కొత్తలోనే నాకో కితాబు దొరికింది: ‘సాయిబు అయినా తెలుగు బాగా రాస్తాడు.’ సంతోషపడ్డాను కూడా. తర్వాత అర్థమైంది. పక్క సీటాయన తప్పు రాస్తే అది అచ్చుతప్పు. నేను రాస్తే, ‘ఎంతైనా సాయిబు కదా!’ రంజాన్ ప్రత్యేక సంచిక ఏటా నాకే. సాహిత్యం పేజీ ఒక్కసారీ నాదాకా రాలేదు. ‘అయినా’తో ఇచ్చిన పేరును ‘ఎంతైనా’తో ఎప్పుడైనా లాక్కోవచ్చు.

వేలు అటే చూపితే అన్యాయం. నాదస్వరం పట్టినవాళ్లలో చాలామంది దూదేకులవారు. వాళ్ల ఇంటిభాష తెలుగు. ‘ఉర్దూ రాదు, గుళ్లో ఊదుతారు, వాళ్లేం ముసల్మాన్లు?’ అన్న మాట మా ఇళ్లల్లోనే విన్నాను. అక్కడ ‘ముస్లిం అయినా’, ఇక్కడ ‘ముస్లిమే గానీ’. రెండు తక్కెళ్లలోనూ హునర్ తూగదు.

పనిచేసేచోట మనిషి ఇజ్జత్‌ను తేల్చాల్సింది ఆ పని తెలిసినవాళ్లు. నాదస్వరానికి డోలు విద్వాంసుడి చెవి సాక్షి. వార్తకు చదివేవాడి కన్ను సాక్షి. పుట్టిన ఇల్లు ఆ సాక్ష్యానికి పనికిరాదు. అలాగని పేర్లు దాచమనడం లేదు. షేక్ అనే రాయండి, దాని చివర ‘అయినా’ తగిలించకండి.

2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు చినమౌలానా శిష్యులే. ఈసారి వాళ్ల గురించి రాసేవారు ముందు ఒక గంట కూర్చుని ఆ వాద్యం వినండి. విన్నది రాయండి.