క్షమాపణతో మొదలయ్యే కవిత్వం

కొత్తగా కవిత్వం రాస్తున్న స్త్రీలు చదవమని నాకిచ్చే కాగితాల మీద కవిత కంటే ముందు ఒక మాట తరచుగా కనిపిస్తుంది: "నాకు కవిత్వం రాదు, ఏదో రాశాను." మర్యాద కోసం అన్న మాటేలే అని దాన్ని దాటేస్తుంటాం. కానీ మన సాహిత్యంలో ఆ మాటకి పెద్ద చరిత్రే ఉంది.

మొల్ల తన రామాయణం అవతారికలో సంధులు, సమాసాలు, శయ్యలు, రీతులు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందోలక్షణాలు ఏవీ తనకి తెలియవంది. శ్రీకంఠ మల్లేశుడి వరంతో కవిత్వం చెప్పడం నేర్చుకున్నానంది. తెలియవన్న ఆ జాబితానంతా సీసపద్యంలో చెప్పింది! ఛందస్సు రానిదే సీసం నడుస్తుందా? తర్వాతి కాలంలో తరిగొండ వెంగమాంబ కూడా గురువు దగ్గర ఓనమాలైనా చదవలేదని చెప్పుకుంది.

పలికించేవాడు రాముడేనని పోతనా అన్నాడు. పోతన వినయాన్ని వినయంగానే చదువుతాం. మొల్ల మాటల్ని మాత్రం ఆమెకి చదువు లేదనడానికి సాక్ష్యంగా చూపించడం నేను తరగతి గదుల్లోనే విన్నాను. స్త్రీ 'నాకు రాదు' అంటే వినేవాళ్లకి నమ్మడం ఎంత తేలికో!

1980ల్లో స్త్రీవాద కవులు ఈ మర్యాదని పక్కన పెట్టేశారు. సావిత్రి 'బందిపోట్లు'లో పాఠం అప్పజెప్పకపోతే పెళ్లి చేసేస్తానన్న బెదిరింపుతోనే కవిత మొదలవుతుంది. విమల వంటింటి నుంచే కవిత రాసింది. ఎవరి అనుమతీ అడగలేదు.

ఇవాళ రాస్తున్నవాళ్లలో క్షమాపణ కవిత లోపలికీ వెళ్తోంది. తన సంగతి చెప్పడానికి జంకినప్పుడు వెన్నెల, మౌనం, విరిగిన రెక్కలు వచ్చి కూర్చుంటాయి. ఒకామె కవిత నిండా రెక్కలే. ఏం జరిగిందని అడిగాను. కాన్పు తర్వాత ఉద్యోగం మానేసిందట. ఆఫీసు గుర్తింపు కార్డు ఇంకా బీరువాలో, పాప టీకాల కార్డు కింద ఉందట. "ఇది కూడా కవితేనా?" అంది. రెండోసారి ఆ రెండు కార్డులతోనే మొదలుపెట్టింది. పైన సంజాయిషీ రాయలేదు.

కొత్తగా రాసేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. చేతికి తగిలిన వస్తువుతో మొదలుపెట్టండి. పైకి చదివి వినండి. నాలుక తడబడిన చోట మళ్లీ రాయండి. ముందుమాట కొట్టేయండి. 'నాకు రాదు' అన్న మనిషికి ఓదార్పు దొరుకుతుంది, విమర్శ దొరకదు. విమర్శ లేకుండా ఏ కవీ ఎదగదు.

ఆమె కవితలో లోపాలున్నాయి. చివరి నాలుగు పంక్తులు ముందే చెప్పినదాన్ని వివరిస్తున్నాయి, తీసేయాలి. ఆ మాట ఆమెతోనే అన్నాను. ఒప్పుకోలేదు. రెండు పంక్తులు ఉండాల్సిందేనని వాదించింది.