ఓడల పటమూ, మన పేర్లూ

ఆఫ్రికా ప్రజలను బానిసలుగా పట్టి అట్లాంటిక్ మహాసముద్రం దాటించిన 36,000కు పైగా ఓడప్రయాణాల వివరాలను ఒకచోట చేర్చిన కంప్యూటర్ భాండాగారం ‘స్లేవ్ వాయేజెస్’. 1999లో 27,000కు పైగా ప్రయాణాలతో సీడీగా వెలువడిన ఈ కృషిని, 2008లో అమెరికాలోని అట్లాంటా నగరమందున్న ఎమొరీ విశ్వవిద్యాలయంవారు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా తెరిచారు.

దీని గొప్పతనం కాదనరానిది. ఏ ఓడ ఏ రేవు విడిచినది, ఏ రేవు చేరినది, ఎందరెక్కారు, ఎందరు దిగారు అన్నీ వెదకవచ్చును. సుమారు 1 కోటి 25 లక్షలమంది ఓడలెక్కగా, దిగినవారు 1 కోటి 7 లక్షలే. ఆ తేడా ముందు ఎవరైనా మౌనం వహించవలసినదే.

అయితే ఒక లోటున్నది. ఈ లెక్కలు చాలావరకు వర్తకుల, అధికారుల పద్దులనుంచి వచ్చినవి. అందుచేత పటంమీద ఓడ చుక్కయై కదులుతుంది. లోపలి మనిషి కనబడడు. ఆ లోటును కొంత తీర్చినది, పట్టుబడిన ఓడలనుంచీ స్థావరాలనుంచీ విడిపింపబడిన 91,491 మంది పేర్ల పట్టిక. గుమాస్తాలు చెవికి తోచినట్లు వ్రాసిన ఆ పేర్లను పలికించి, ఇది ఏ భాషదో చెప్పండని ఆఫ్రికా భాషలెరిగినవారిని అడిగారు. నా దృష్టిలో ఈ కృషి అంతటిలో మిన్న అదే.

బానిసత్వమూ మన పెద్దల కూలి ఒప్పందమూ ఒకటి కావు. కాని కాగితం చేసిన అన్యాయం ఒకటే. 1860 నవంబరు 16న మద్రాసునుంచి ‘ట్రూరో’ నేటాల్ చేరినది మొదలు 1911 వరకు వచ్చిన 1,52,184 మందికి ఓడల పట్టికలున్నవి. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, దేహంపై గుర్తులు సైతం వ్రాశారు. మనిషికొక వరుస దక్కినది. కాని ఆంగ్ల లిపిలో ‘ల’కు ‘ళ’కు, ‘న’కు ‘ణ’కు భేదం పోయినది, ఇంటిపేరుకు గడియే లేదు. యంత్రం దగ్గరి పేర్లు పది చూపగలదు. వాటిలో మన ముత్తాత ఎవరో చెప్పవలసినది తెలుగు పలుకెరిగిన చెవి.

అటువంటి చెవులు మనలో నానాటికీ తగ్గుతున్నవి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. పటం గీయడానికి ముందే మన సభల శాఖలు పెద్దలను కూర్చోబెట్టి, తమ ఊరుపేర్లూ ఇంటిపేర్లూ వారి నోట పలికించి భద్రపరచాలి. ఇది విశ్వవిద్యాలయాలు మనకు చేసిపెట్టే పని కాదు.