తంబు పెట్టే ముందు

మా కట్టంగూర్ మండలంలో పింఛను తీసుకునే ఏ అవ్వ చేతిలో చూసినా ఒక కవరు కనిపిస్తుంది. విత్తనాల దుకాణం వాళ్లు ఇచ్చిన పాలిథిన్ సంచి, మూతికి రబ్బరు బ్యాండు. విప్పితే ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ఉపాధి హామీ జాబు కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, కొందరి దగ్గర వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్, అన్నిటికీ నాలుగైదు జిరాక్సులు, అడుగున వెలిసిపోయిన పాస్‌పోర్టు సైజు ఫొటోలు. జిరాక్సులు ముందే తీయించి పెట్టుకుంటారు. ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు సెంటరుకు ఉరకలేం గదా. అడిగిన మనిషి చేతిలో ఫైలు, జేబులో పెన్ను ఉంటే చాలు, ఒకటి తీసి ఇచ్చేస్తారు. ఎందుకని అడిగేవాళ్లు అరుదు.

దీన్ని అమాయకత్వం అంటే నేను ఒప్పుకోను. ఇది మనం వాళ్లకు నేర్పిన అలవాటు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు గుర్తుందా? ఆ ఒక్క రోజు ఇంట్లో లేకపోతే పథకాలన్నీ పోతాయని పుకారు లేస్తే భివండి, సూరత్‌ల నుంచి మన నేత కార్మికులు రైళ్లలో, బస్సుల్లో వేలాడుతూ ఊళ్లకు వచ్చారు. వచ్చిన ఎన్యూమరేటరుకు బ్యాంకు ఖాతా సంగతి దాకా అన్నీ చెప్పారు. చెప్పకపోతే ఏం తెగుతుందోనని భయం. తర్వాత 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ఆరు గ్యారంటీల పథకాలకు ప్రజాపాలన దరఖాస్తులు. ఒక్క ఫారంలోనే ఆధార్ నంబరు, ఫోను నంబరు, రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్, కరెంటు మీటరు, పాసుపుస్తకం నంబర్లు. కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. అవి తీసుకుని రోజులు గడవకముందే హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద నింపిన ఫారాలు గాలికి ఎగురుతుంటే దారిన పోయేవాళ్లు వీడియోలు తీశారు. బండి మీద తీసుకుపోతుంటే జారిపడ్డాయట. ఆరు గ్యారంటీల పేరు చెప్పి ఓటీపీ అడుగుతున్నారు, జాగ్రత్త అని పోలీసులు హెచ్చరించింది కూడా ఆ నెలలోనే.

కాబట్టి ‘మీ ఆధార్ వివరాలు ఎవరికీ చెప్పవద్దు’ అని మైకులో వినిపించినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఈ దేశంలో ఒక బీద మనిషి పూట గడుస్తుందా? ఆధార్ సంస్థకే ఈ విషయంలో ఒక మాట మీద నిలబడటం చేతకాలేదు. 2022 మేలో దాని బెంగళూరు కార్యాలయం, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని ప్రకటన ఇచ్చింది. రెండు రోజులు తిరక్కుండానే, జనం తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదముందని కేంద్రం దాన్ని వెనక్కు తీసుకుంది. చదువుకున్నవాళ్లకే తలతిరిగింది. కవరు పట్టుకున్న అవ్వకు ఏం అర్థం కావాలి?

నంబరు బయటికి పోయింది. ఇక దాన్ని దాచడం అయ్యే పని కాదు. దాచాల్సింది వేలు. ఇంటి నంబరు ఊరందరికీ తెలిసినా ఫరవాలేదు గానీ తాళంచెవి కొంగుకే ఉండాలి గదా.

ఆ తాళంచెవికి నకలు చేయడం ఎంత సులువో మన రాష్ట్రంలోనే, 2018 జూన్‌లో తేలింది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు పంపిణీ చేసే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద అమ్మినవాళ్లవి, కొన్నవాళ్లవి వేలిముద్రలూ ఉన్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే మిషిన్‌తో ఆ ముద్రలకు అచ్చులు పోశాడు. సిమ్ అమ్మకాల టార్గెట్ కోసం వాటిని స్కానరు మీద పెట్టి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ మిషిన్‌కు అది రబ్బరో, చర్మమో తెలియలేదు. తాతల నాటి చెలక అమ్ముకున్న రైతుకు, తన వేలు ఇంకో జిల్లాలో తనకు తెలియకుండా పనిచేస్తోందని తెలిసే దారే లేదు.

అతనికి కావాల్సింది సిమ్‌లు. ఆ తర్వాతివాళ్లకు డబ్బే కావాలనిపించింది. 2022లో సైబరాబాద్ పోలీసులకు దొరికిన ముఠా ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల నుంచి ఇదే పద్ధతిలో ముద్రలు తీసి, ఖాతాలే ఖాళీ చేసింది. ఊళ్లలో మనం ‘మినీ బ్యాంకు’ అనే చోట జరిగే లావాదేవీకి మూడే కావాలి: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఒక్క దెబ్బకు పదివేల దాకా తీయొచ్చు. నంబరు జిరాక్సులో ఉంది. బ్యాంకు పేరు పాసుబుక్కు జిరాక్సులో ఉంది. మిగిలింది వేలు.

ఇంత చెప్పి వేలిముద్రను శత్రువుగా చూపించడం అన్యాయం. ఈ పద్ధతి మనకు మేలు కూడా చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కూలికి, పింఛన్లకు బయోమెట్రిక్ స్మార్ట్ కార్డులు తెచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో మండలాలవారీగా పరిశీలన చేశారు. మా నల్లగొండ ఆ ఎనిమిదిలో ఒకటి. డబ్బు త్వరగా చేరింది, మధ్యలో కారిపోయేది తగ్గింది అని 2016లో అచ్చయిన వాళ్ల వ్యాసం చెబుతుంది. చనిపోయినవాళ్ల పేరున పింఛను ఎత్తుకున్న కాలం మా తరానికి తెలుసు. అప్పుడు సంతకం దొంగలుండేవాళ్లు, ఇప్పుడు వేలి దొంగలు వచ్చారు.

మినీ బ్యాంకు బల్ల ముందు జరిగేది కొంచెం దగ్గరగా చూడాలి. అవ్వ కూర్చుంటుంది. మిషిన్ నడిపే ఆయన నంబరు కొడతాడు. “తంబు పెట్టు అవ్వా.” పెడుతుంది. మిషిన్ కూస్తుంది. “పడ్తలేదు, ఇంకోసారి.” కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. “గట్టిగ ఒత్తు.” ఒత్తుతుంది. నిజంగానే పడకపోవచ్చు. పత్తి ఏరి ఏరి అరిగిన వేళ్లు, మా జిల్లా ఫ్లోరైడ్‌కు వంకరపోయిన వేళ్లు. అయితే మొదటిసారే పడి, రెండువేలు తెగి, రెండోసారి ఇంకో రెండువేలు తెగి ఉండొచ్చు కూడా. రెండు లావాదేవీల చిట్టీల్లో ఒక్కటే చేతికి వస్తే తేడా ఎట్లా తెలుస్తుంది? పడని వేలికీ, పడలేదని చెప్పిన వేలికీ మధ్య తేడా మిషిన్ పట్టుకున్నాయనకు ఒక్కడికే తెలుసు. వాళ్లలో ఎక్కువమంది నిజాయితీపరులే, కమీషన్ నాలుగు పైసల కోసం పొద్దంతా కూర్చునేవాళ్లే. వాళ్ల మంచితనం మీద భారం వేయడం మాత్రం పద్ధతి కాదు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. బల్ల ముందు కూర్చుంటూనే నలుగురికీ వినబడేటట్టు అంటుంది: “రెండువేలు తీస్తున్న, ఎక్కువ లేదు తక్కువ లేదు.” అప్పుడు తెర తన వైపు తిప్పమంటుంది. అంకెలు ఆమెకు వచ్చు, అక్షరాలు రావు. వేలు పడకపోతే, “పడని చిట్టీ ఇయ్యి, పడ్డ చిట్టీ ఇయ్యి” అని రెండూ అడిగి కవరులో పెట్టుకుంటుంది. మొదట్లో వెనుక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. ఇప్పుడు లైనులో ఇంకొందరు అట్లనే గట్టిగా పలుకుతున్నారు. నేను చూసిన సైబర్ భద్రత తరగతుల్లో దీనికి మించింది లేదు. మిషిన్లు నడిపేవాళ్లను బ్యాంకులు సరిగ్గా తనిఖీ చేసుకోవాలని, మూడు నెలలు పని ఆపినవాళ్లను మళ్లీ పరిశీలించాకే అనుమతించాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది, 2026 జనవరి 1 నుంచి అమలు అంది. ఇయ్యాల్సిన ఆదేశమే. పెద్దమ్మ మాత్రం ఆ ఆదేశం కోసం ఆగలేదు.

ఇంకో రకం దోపిడీ ఉంది, ఇందులో ఖాతాలోంచి రూపాయి తీయరు, రావాల్సింది రాకుండా పోతుంది. ఆధార్ మీద వచ్చే సర్కారు డబ్బు మనం చివరగా ఏ ఖాతాకు ఆధార్ అనుసంధానం చేస్తే ఆ ఖాతాకే పోతుంది. 2017లో దేశమంతటా సిమ్‌లకు ఆధార్ జోడించమన్నప్పుడు ఎయిర్‌టెల్ దుకాణాల్లో వేలు పెట్టిన లక్షలమందికి, వాళ్లకు తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. గ్యాస్ సబ్సిడీ అటు మళ్లింది. ఇరవై మూడు లక్షలకు పైగా వినియోగదారుల విషయంలో నలభై ఏడు కోట్లు అట్లా పోయాయని తేలాక, ఆ డిసెంబర్‌లో ఆధార్ సంస్థ వాళ్ల ఈ-కేవైసీ అనుమతి ఆపేసింది, డబ్బు వెనక్కు ఇప్పించింది. అందులో దొంగ లేడు, రబ్బరు వేలు లేదు. నిజమైన మనిషి, నిజమైన వేలు, నిజమైన దుకాణం. ఒక పనికి పెట్టిన వేలు రెండు పనులు చేసింది, అంతే. పింఛనో, రైతు డబ్బో ఉన్నట్టుండి ఆగితే ఆఫీసుకు పోయి బతిమాలే ముందు, ఆధార్ ఏ బ్యాంకుకు సీడ్ అయి ఉందో మై ఆధార్ వెబ్‌సైటులో చూడమని నేను చెప్పేది ఇందుకే.

ఫోన్ల సంగతి అందరికీ తెలిసిందే, పొడిగించను. 2024 జూలై 18న రుణమాఫీ మొదలైతే దాని పేరుతో, ఆ తర్వాత పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు తిరిగాయి. నొక్కితే ఫోను ఎదుటివాడిది అవుతుంది, మనకొచ్చే ఓటీపీలు వాడు చదువుకుంటాడు. ఒకటి మాత్రం గమనించాను. ‘మీకు డబ్బు వచ్చింది’ అంటే మా ఊరి మనిషి అనుమానిస్తాడు. ‘మీ పింఛను ఆగుతది’ అంటే మాత్రం అన్నీ చెప్పేస్తాడు. నెలకు 2016 రూపాయల మీద బతికే మనిషికి, 4016 మీద బతికే వికలాంగుడికి ఆ మాటను మించిన బెదిరింపు లేదు. మోసగాడికి ఇది మనకన్నా బాగా తెలుసు.

డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి, అదీ వెంటనే. బ్యాంకుకు కూడా చెప్పి రసీదు తీసుకోవాలి. మన తప్పు లేకుండా పోయిన సొమ్ము సంగతి మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారు నష్టపోనక్కరలేదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో నిబంధన పెట్టింది. దొంగ వేలితో పోయిన డబ్బుకు ఇది పనికొస్తుంది. మనమే ఓటీపీ చెబితే మనం ఫిర్యాదు చేసే దాకా పోయింది మన ఖాతాలోనే రాస్తారు. మా దగ్గర మూడు రోజులు ఎట్లా గడుస్తాయో తెలిసిందే కదా: ఒక రోజు ఎవరికి చెప్పాలో తెలియక, ఒక రోజు కొడుకు తిడతాడని, ఒక రోజు బ్యాంకు సెలవని.

ఇక వేలికి తాళం. ఆధార్ యాప్‌లో గానీ, మై ఆధార్ వెబ్‌సైటులో గానీ బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు. చేశాక రబ్బరు వేలూ పనిచేయదు, అసలు వేలూ పనిచేయదు. చిక్కు కూడా అక్కడే ఉంది. రేషన్ దుకాణంలో సన్న బియ్యానికి తంబు పెట్టాలంటే మళ్లీ తెరవాలి. తెరిస్తే కొద్ది నిమిషాలే తెరిచి ఉంటుంది, డీలరు దగ్గర లైను అంతకన్నా పొడుగు. తెరవాలన్నా మూయాలన్నా ఆధార్‌కు జోడించిన ఫోనుకు ఓటీపీ రావాలి. అందుకే ముసలివాళ్లందరికీ లాక్ చేయమని కళ్లు మూసుకుని చెప్పలేను. రేషన్ ఇంట్లో ఇంకొకరి వేలితో వచ్చేవాళ్లు, ఖాతాలో నాలుగు రూపాయలు దాచుకున్నవాళ్లు ముందు చేసుకోవాలి. మిగతావాళ్లు కనీసం ఒకటి తేల్చుకోవాలి: ఆ ఓటీపీ పోయేది ఎవరి ఫోనుకు?

ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక వచ్చిన జవాబులు వింటే గుండె ఝల్లుమంటుంది. ఒకరిది ఎప్పుడో పారేసిన సిమ్. ఒకామెది మీసేవలో ఆ రోజు బల్ల వెనుక కూర్చున్న పిల్లగాడి నంబరు. “అప్పుడు నా కాడ ఫోన్ లేదు సారూ, ఆయన్నే అడిగితె తనదే రాసిండు” అంది. ఆ పిల్లగాడు ఊరే వదిలిపోయాడు. మా వీధి పెద్దమ్మకు మనుమడి నంబరు, అతను ఎల్బీనగర్‌లో ఉంటాడు, పగలు ఫోను ఎత్తడు. ఆమెకు ఇప్పుడు సొంత బటన్ల ఫోను ఉంది. ఆధార్ కేంద్రానికి పోయి నంబరు మార్చుకోవాలి, 75 రూపాయలు తీసుకుంటారు, ఆమె వేలు అక్కడ పడాలి. పోదామా అంటే, “పోదాం తియ్యి, పత్తి ఏరుడు ఒడువనీ” అంది.