తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు

మా వాడపల్లిలో శనివారం బంతి ఆట ఉండదు. ఏడు శనివారాల మొక్కుతో వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో, వాళ్ల కార్లతో గౌతమి గట్టు నిండిపోతుంది. మిగతా రోజుల్లో తెల్లారేసరికి గట్టు దిగువన ఖాళీ జాగాలో ఇరవై మంది కాలేజీ కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతూ ఉంటారు. వాళ్లకి ఆట నేర్పే పని పదకొండేళ్లుగా నాది. కోనసీమలో కబడ్డీకీ వాలీబాల్‌కీ ఉన్న ఆదరణ ఈ ఆటకి లేదు. అయినా వస్తున్నారు. అందుకే వాళ్లంటే నాకు ప్రాణం.

జాగాకి ఓ పక్కనున్న కొబ్బరిచెట్టుకి నేను రెండు థర్మామీటర్లు వేలాడదీస్తాను. ఒకటి మామూలుగా. రెండోదాని బుడ్డికి తడిపిన నూలుగుడ్డ చుట్టి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎవడైనా మొదట అడిగేది దాని గురించే. "ఇదెందుకు మేస్టారూ?" అంటాడు. నీ ఒంటి సంగతి చెప్పేది ఇదేరా అబ్బాయ్ అంటాను.

పరుగెత్తే మనిషి కండల్లో పుట్టే శక్తిలో ముప్పాతిక వంతు పైగా వేడిగానే పోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి వేసవిలో మన ఒంటికున్న ప్రధానమైన దారి చెమట. చెమట కారడం వల్ల ఒళ్లు చల్లబడదు, అది ఆరడం వల్ల చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే ఎంత కారినా ఆరదు. తడి గుడ్డ కూడా అంతే. అది ఆరగలిగిన మేరకే ఆ థర్మామీటరు దిగుతుంది. 43 డిగ్రీల ఎండలో తేమ ఇరవై శాతం ఉంటే తడి థర్మామీటరు 25 దగ్గర ఆగుతుంది. 35 డిగ్రీలే ఉండి తేమ డెబ్బై శాతం ఉంటే 30 చూపిస్తుంది. పల్నాడు ఎండల గురించి పేపర్లో చదివి, మనం నయం కదా అనుకుంటాం. పక్కనే గోదావరి, కిందంతా కాలువలు, అటు సముద్రం ఉన్న ఈ గడ్డ మీద ఆడేవాడికి ఆ మాట నిజం కాదు. ఆటల్లో వేడిని కొలవడానికి వాడే అంతర్జాతీయ లెక్కలో కూడా పదింట ఏడు వంతులు ఈ తడి థర్మామీటరుకే ఇచ్చారు. ఎండ తాపానికి రెండు వంతులు, మామూలు థర్మామీటరుకి మిగిలింది ఒకటే. ఆ లెక్క 32 దాటితే పెద్ద మ్యాచ్‌లను నీళ్ల కోసం ఆపవచ్చు. 2014 ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌లోని ఫోర్తలేజాలో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్‌ని అలాగే ఆపారు. మన ఊరి టోర్నమెంట్లలో ఎవరూ ఆపగా నేను చూడలేదు.

ముందు చలి సంగతి చెప్పేస్తాను, అది చిన్నది. ధనుర్మాసంలో ఇక్కడ మంచు దట్టంగా పడుతుంది. ఈ గోల్‌పోస్టు దగ్గర నిలబడితే ఆ గోల్‌పోస్టు కనిపించదు. అయితే గడ్డ కట్టించే చలి మనకి లేదు, మన ఇబ్బందంతా మంచు తడితోనే. బంతి గోల్‌కీపర్ చేతుల్లోంచి జారుతుంది. వెచ్చబడని పిక్కలతో ఒక్కసారిగా పరుగు తీస్తే అక్కడికక్కడే పట్టేస్తాయి. అందుకని చలికాలంలో పావుగంట సేపు బంతి ముట్టనివ్వను. నడక, తేలిక పరుగు, కాళ్లు ఊపడం అయ్యాకే ఆట. బంతి కూడా మారుతుంది. 18 డిగ్రీల్లో గేజీ పెట్టి 0.8 బార్ దగ్గర ఆపిన గాలి, అదే బంతి 38 డిగ్రీల ఎండకి వచ్చేసరికి 0.9 దాటుతుంది. పొద్దున కాలికి మెత్తగా ఒదిగిన బంతి మధ్యాహ్నం రాయిలా తగిలి ఎగిరిపోతుంది. కుర్రాళ్లు తమ కాలిని తిట్టుకుంటారు గానీ అది గాలి పని.

చలికి అలవాటు లేకపోతే ఏమవుతుందో మన దేశం 1952లో చూసింది. జులై 15న హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. వేడి నేల మీద ఆడి రాటుదేలిన పాదాలకి ఆ చలి కొత్త. ఆ జట్టు కోచ్ హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. పదేళ్లకి, 1962లో, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో అదే రహీమ్ జట్టు దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన క్యాన్సర్‌తో పోయారు. మంచులో చెప్పులు విప్పేసి ఆడతామనే మా కుర్రాళ్లకి నేను ఈ కథే చెబుతాను. రాటుదేలిన పాదం కూడా వాతావరణం ముందు పసిపాదమే.

ఇక ఎండ. దీని గురించి మాట్లాడాలంటే నా కాలేజీ రోజుల్లోకి వెళ్లాలి. మాకు ఆట నేర్పినవాళ్లు ఒక నియమం పెట్టారు. ఆడుతుండగా నీళ్లు తాగకూడదు. తాగితే పొట్ట పట్టేస్తుందని, దాహం ఓర్చుకున్నవాడే మగాడని. మేం నమ్మాం. అరవై నిమిషాలు నోరు ఎండబెట్టుకుని, పుక్కిలించి ఉమ్మేసేవాళ్లం.

పరీక్షలయ్యాక ఒక వేసవిలో పక్క ఊళ్లో టోర్నమెంటు. దాళ్వా కోసేసిన చేలో మోళ్లు చెక్కి మైదానం చేశారు. మధ్యాహ్నం రెండింటికి మా మ్యాచ్. పరీక్షలకి నెల రోజులు గదుల్లో కూర్చుని చదివి, ఎండలో అడుగు పెట్టకుండా నేరుగా అక్కడికి వెళ్లాం. రెండో సగంలో మా మిడ్‌ఫీల్డర్ మా గోల్‌పోస్టు వైపే బంతి తన్నుకుంటూ వెళ్లాడు. అందరం నవ్వాం. పిలిస్తే పలకలేదు. తూలి పడ్డాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పది అడుగుల దూరంలో నుయ్యి ఉంది. ముఖం మీద నాలుగు చుక్కలు చల్లి, టాక్సీ కోసం మనిషిని పంపి, ముప్పావుగంట ఎదురుచూశాం. ఆస్పత్రికి చేరాక బతికాడు. కానీ నెల రోజులు మంచం దిగలేదు, మళ్లీ బంతి ముట్టలేదు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. వాడు దారి తప్పడమే వడదెబ్బ మొదటి గుర్తని మాలో ఒక్కడికీ తెలియదు.

అన్నీ తెలిసినచోట కూడా ఇది జరిగింది. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లూ భుజాలకి కవచాలూ కట్టుకుని ఆడే వేరే ఆట. 2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డన్ మెక్‌నెయిర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు శిక్షణలో నూటపది గజాల పరుగులు తీస్తూ కూలిపోయాడు. అప్పటికి ఉష్ణోగ్రత 27 డిగ్రీల దగ్గర. మనకి సంక్రాంతినాటి మధ్యాహ్నం అంత. అతన్ని చల్లటి నీళ్లలో ముంచలేదు. జూన్ 13న చనిపోయాడు. తప్పు మాదేనని విశ్వవిద్యాలయ అధ్యక్షుడే ఒప్పుకున్నారు.

వడదెబ్బకి మందు నీళ్లే. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడుతుంటే, అరగంటలోపు ఆ వేడి దించాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆ పనే చేయాలి. అందుకే వేసవిలో నా దగ్గర ధాన్యం ఆరబోసే బరకం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పడ్డవాణ్ని దాని మధ్యలో పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులు పైకెత్తి పట్టుకుంటే అదే తొట్టి అవుతుంది. అందులో నీళ్లూ ఐసు గడ్డలూ పోసి కలియబెడుతూ ఉండాలి, తల మాత్రం ఒకరు పైకి పట్టుకోవాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. ఏటా మార్చిలో కుర్రాళ్లతో ఇది చేయించి చూస్తాను. గోల్ కొట్టడం కంటే ముందు నేర్పేది ఇదే.

పడకుండా చూసుకునే మార్గం కూడా ఉంది, దానికి ఓపిక కావాలి. ఒళ్లు ఎండకి అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి రోజు ఇరవై నిమిషాలు, తర్వాత రోజుకి కాస్త చొప్పున పెంచుతాను. అలవాటు పడ్డ ఒంటికి చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువ పోస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నీళ్ల మీద నియమం తిరగేశాను. ఇరవై నిమిషాలకోసారి ఆట ఆగాల్సిందే. "తాగారా?" అని అరిస్తే "ఆయ్, తాగామండి మేస్టారూ" అని జవాబు రావాలి. కోనసీమలో బొండాలకి లోటు లేదు గానీ కొబ్బరినీళ్లలో ఉప్పు తక్కువ. పోయిన చెమటకి చాలదు. అందుకని చిటికెడు ఉప్పు కలుపుతాం, లేదంటే ఉప్పేసిన పల్చటి మజ్జిగ. తడి థర్మామీటరు 28 దాటిన రోజున పరుగులు రద్దు, కొబ్బరిచెట్ల నీడన పాసులే. కుర్రాళ్లు గొణుగుతారు. గొణగనీ.

2015 మే నెలలో వడగాలులకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా పోయారు. అటువంటి మే నెలలోనే మన ఊళ్లలో టోర్నమెంట్లు పెడతాం, సెలవులని, చేలు ఖాళీ అని. పెట్టండి, నేనూ మా కుర్రాళ్లని తీసుకొస్తాను. కమిటీ పెద్దలకి నాదొక్కటే మనవి. పదింటి నుంచి నాలుగింటి దాకా మ్యాచ్ వద్దు. మైదానం పక్కన ఒక బరకం, రెండు డ్రమ్ముల నీళ్లు, నాలుగు ఐసు గడ్డలు పెట్టించండి. కప్పులకి, మైకు సెట్టుకి పెట్టే ఖర్చు ముందు అదెంత? అవి వచ్చాకే విజిల్ ఊదండి.